హవొడీనోస్ హాల్: కప్పు నుంచి కిందికి, నీటి దారి వెంట

ఉత్తర వేల్స్‌లో అబెర్గెలె నుంచి లాన్‌రూస్ట్ వెళ్లే రోడ్డు మీద లాన్‌గెర్న్యూ అనే చిన్న ఊరుంది. అక్కడి చర్చి ఆవరణలో వేల ఏళ్ల నాటిదని చెప్పే యూ చెట్టు ఒకటుంది. ఆ దారిన పోయేవాళ్లు సాధారణంగా దాన్ని చూడ్డానికే ఆగుతారు. ఆ ఊరి దగ్గర్లోనే, చెట్ల మధ్య, హవొడీనోస్ హాల్ ఉంది. దీన్ని Hafodunos అని రాస్తారు. వెల్ష్‌లో ‘ఎఫ్’ అక్షరాన్ని ‘వ’ అని పలుకుతారు, అందుకే హవొడ్. వేసవిలో పశువుల్ని కొండ మీదికి మేతకు తోలుకెళ్లినప్పుడు కాపరులు ఉండే ఇంటిని హవొడ్ అంటారు. ఈన్ నోస్ అంటే ఒక రాత్రి. గ్వెన్‌వ్రెవి అనే సెయింటు అస్థికలను ష్రూస్‌బరీకి తీసుకెళ్తూ దారిలో ఒక రాత్రి ఇక్కడ దించారని ఐతిహ్యం.

ఇప్పుడున్న ఇంటిని 1861–66 మధ్య కట్టారు. ఆర్కిటెక్టు జార్జ్ గిల్బర్ట్ స్కాట్. లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్ ముందున్న పెద్ద హోటలు భవనం ఆయనదే. బొంబాయి విశ్వవిద్యాలయం కాన్వొకేషన్ హాలు, రాజాబాయి గడియార స్తంభం కూడా ఆయన నమూనాలే. కానీ ఆయన ఎన్నడూ భారతదేశానికి రాలేదు, నమూనాలు లండన్ నుంచే పంపాడు. బొంబాయిలో ఆ రెంటినీ చూసినవాళ్లకు హవొడీనోస్ ముఖం కొత్తగా అనిపించదు. మొనదేలిన ఆర్చీలు, రెండు రంగుల గోడ, ఎత్తయిన కప్పు, ఇవన్నీ అదే చేతి పనే.

కట్టించినవాడు హెన్రీ రాబర్ట్‌సన్ శాండ్‌బాక్. లివర్‌పూల్ వర్తక కుటుంబం వాళ్లది. వాళ్ల శాండ్‌బాక్ టిన్నీ కంపెనీ సంపాదనలో ఎక్కువ భాగం బ్రిటిష్ గయానాలోని డెమెరారా చక్కెర మీద, అంటే మొదట బానిసల శ్రమ మీద వచ్చింది. బానిసత్వం రద్దయ్యాక ఆ చెరకు తోటలకు భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను ఓడల్లో తరలించారు. ఈ కంపెనీ ఓడలూ ఆ పనిలో ఉన్నాయి. 1845 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా బ్రిటిష్ గయానాకు ఓడలు వెళ్లాయి. వాటిలో తమిళులతోపాటు తెలుగువాళ్లూ ఉన్నారు. ఈ ఇంటి ఇటుకల రంగులు, చెక్కడాల గురించి మాట్లాడేవాళ్లు ఈ సంగతి కూడా చెప్పి తీరాలి. ఆ డబ్బు లేకపోతే వేల్స్ లోయలో ఇంత పెద్ద ఇల్లు లేచేది కాదు.

ఇల్లు ఎలా కట్టారో చెప్పాలంటే గది గది తిరిగి వర్ణించడం కన్నా, కప్పు మీద పడ్డ వాన చుక్క ఎటు పోతుందో దాని వెంటే కిందికి దిగడం మేలు. విక్టోరియా కాలపు ఇంట్లో దాదాపు ప్రతి భాగమూ రెండు పనుల కోసమే ఉంటుంది. ఒకటి నీటిని త్వరగా బయటికి పంపడం, రెండోది తడిసిన గోడను గాలికి ఆరనివ్వడం. అలాంటి ఇల్లు పాడైందంటే ఈ రెంటిలో ఏదో ఒకటి ఆగిపోయిందన్నమాట.

కప్పు స్లేటు. మనకు స్లేటు అనగానే మార్కాపురం పలక గుర్తొస్తుంది. రాయి స్వభావం అదే. ఒత్తిడికి నలిగి పొరలు పొరలుగా విడివడే రాయి. వేల్స్ రాయిని ఇంకా పలుచగా, ఇంకా నున్నగా చీల్చవచ్చు. బెథెస్డా దగ్గరి పెన్‌రిన్ గనిది ఊదారంగు, ఫెస్టినియోగ్‌ది నీలం కలిసిన బూడిదరంగు. ఈ గనుల ప్రాంతాన్ని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పలకల కొలతలకు దొరసానుల బిరుదులు పెట్టడం అక్కడి అలవాటు. డచెస్ అంటే 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు. మార్షియనెస్ 22, 11. కౌంటెస్ 20, 10. వైకౌంటెస్ 18, 9. లేడీ 16, 8. కప్పు పనివాళ్లు ఇప్పటికీ ఈ పేర్లు వాడతారు.

లెక్క ఇలా వేస్తారు. కప్పు మీద ఏ చోట చూసినా కనీసం రెండు పలకల మందం ఉండాలి. పైనుంచి వచ్చే మూడో వరుస పలక, దానికి రెండు వరుసల కిందున్న పలక తల మీదికి ఎంత వస్తుందో దాన్ని ల్యాప్ అంటారు. మామూలుగా 3 అంగుళాలు. కౌంటెస్ పలక 20 అంగుళాలు కదా, అందులోంచి 3 తీసేస్తే 17, దాంట్లో సగం ఎనిమిదిన్నర. రీపర్ల మధ్య దూరం అదే. 100 చదరపు అడుగులకు దాదాపు 170 పలకలు పడతాయి. గాలివాన నేరుగా కొట్టే వాలు మీద ల్యాప్ 4 అంగుళాలకు పెంచాలి. అప్పుడు రీపర్ల మధ్య 8 అంగుళాలు, పలకలు 180. 100 చదరపు అడుగులకు పది పలకలు మిగుల్చుకుందామని పడమటి వాలు మీద 3 అంగుళాలే ఉంచితే, గాలి నీటిని పలకల కింద పైకి తోస్తుంది, రీపర్లు తడుస్తాయి. కింద గదిలో చుక్క పడదు కాబట్టి ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు.

పలకకు మేకు రంధ్రాలు వెనకవైపు నుంచి కొట్టాలి. అలా కొడితే ముందువైపు రంధ్రం చుట్టూ చిన్న పెచ్చు ఊడి గుంట పడుతుంది, మేకు తల ఆ గుంటలో కూర్చుంటుంది. తిరగేసి కొడితే మేకు తల పైకి పొడుచుకొచ్చి పై పలకను ఎత్తిపడుతుంది. గాలికి అది టకటకా కొట్టుకుని చివరికి విరుగుతుంది. పేర్చే ముందు పలకల్ని మందాన్ని బట్టి మూడు కుప్పలుగా వేరు చేసుకోవాలి. బాగా మందమైనవి చూరు దగ్గర, పలుచనివి కొప్పు దగ్గర. పాత పలక పనికొస్తుందో లేదో తేల్చడానికి వేలి కణుపుతో తడితే చాలు. ఖంగుమంటే మంచిది. మొద్దుగా పలికితే లోపల పొర విడిందని అర్థం.

వేల్స్ పాత కప్పుల్లో పలకకు ఏమీ కాకముందే మేకు పోతుంది. విక్టోరియా కాలంలో చాలాచోట్ల ఇనుప మేకులు వాడారు. నూరేళ్లు గడిచేసరికి అవి తుప్పుపట్టి సన్నబడి తల ఊడిపోతుంది, పలక జారుతుంది. ఒకటి రెండు జారితే రెండు పలకల సందులోంచి అంగుళం వెడల్పు సీసపు లేదా రాగి పట్టీని రీపరుకు కొట్టి, పలకను ఎక్కించి, పట్టీ చివర పైకి మడిచి పట్టిస్తారు. ఒకే వాలు మీద ఇలాంటి పట్టీలు గుంపులుగా కనబడుతున్నాయంటే మేకులన్నీ ఒకేసారి పోతున్నాయని అర్థం. అప్పుడు అతుకులు మానేసి మొత్తం విప్పి, అవే పలకల్ని రాగి మేకులతో తిరిగి కప్పాలి. చాలామంది దీన్ని వాయిదా వేయడానికి లోపలినుంచి పలకల అడుగున ఫోమ్ కొట్టిస్తారు, లేదా పైన తారు పూయిస్తారు. రెండూ చెడ్డ పనులే. ఫోమ్ పట్టిన రీపరు, వాసం ఇక ఆరవు. తారు పూసిన పలకను మళ్లీ వాడుకోలేం. బాగున్న రాయిని చెత్తకుప్పలో వేయించే పని అది.

గాథిక్ ఇంటి, అంటే మధ్యయుగపు చర్చీల శైలిలో కట్టిన ఇంటి, కప్పు ఒక్క వాలు కాదు. హవొడీనోస్‌లో బయటికి పొడుచుకొచ్చిన త్రికోణపు గోడలున్నాయి, ఒక పక్కన ఎనిమిది కోణాల గది ఉంది. మొదట అది శిల్పాల కోసం కట్టిన గది, ఆ తర్వాత బిలియర్డ్స్ గది అయింది. శాండ్‌బాక్ మొదటి భార్య మార్గరెట్ కవయిత్రి. కాన్వీ పక్కన పుట్టి రోములో స్థిరపడ్డ శిల్పి జాన్ గిబ్సన్‌ను ఆ దంపతులు పోషించారు. ఆయన పాలరాతి పనుల కోసమే ఈ ఇంట్లో ప్రత్యేకంగా చోటు పెట్టారు. కానీ మార్గరెట్ 1852లోనే చనిపోయింది, ఈ ఇల్లు చూడలేదు.

ఎనిమిది కోణాల కప్పు అంటే ఎనిమిది వాలులు, ఎనిమిది అంచులు. ప్రతి అంచు దగ్గరా పలకను ఏటవాలుగా కోయాలి. మామూలు పలకను కోస్తే చివరికి చిన్న ముక్కోణపు పెంకు మిగులుతుంది. దానికి మేకు కొట్టే చోటు ఉండదు, మొదటి గాలికే జారుతుంది. అందుకే అంచులకు ఒకటిన్నర రెట్లు వెడల్పున్న పలకలు వేరుగా తెప్పించుకుంటారు. కోసిన తర్వాత కూడా తలవైపు రెండు మేకులు పట్టేంత చోటు మిగలాలి. ఈ నియమం పాటించని మరమ్మతును కింద నిలబడి చూసే చెప్పేయొచ్చు, అంచు వెంట పళ్లూడినట్టు ఖాళీలు కనబడతాయి.

రెండు వాలులు లోపలికి కలిసే చోట, గోడ వెనక దాగిన కాలువల్లో సీసం పరుస్తారు. సీసపు రేకు మందాన్ని బ్రిటన్‌లో చదరపు అడుగు బరువుతో చెబుతారు. కోడ్ 7 అంటే చదరపు అడుగు 7 పౌండ్లు, మందం 3 మి.మీ.కు కాస్త పైన. సీసం ఎండకు బాగా సాగుతుంది. 6 మీటర్ల రేకు ఒకే ముక్కగా పరిచారనుకోండి, చలికాలపు రాత్రికీ వేసవి మధ్యాహ్నానికీ 50 డిగ్రీల తేడా వస్తే అది దాదాపు 9 మి.మీ. సాగుతుంది. చల్లారేటప్పుడు అంతా వెనక్కి రాదు, మధ్యలో ముడతపడి ఉబ్బుతుంది. ఏటేటా అదే ముడత మీద వంగి వంగి చివరికి చిట్లుతుంది. విక్టోరియా కాలపు పనివాళ్లు మందంలో లోటు చేయలేదు, పొడవులో పొరపాటు చేశారు. కాలువలో కోడ్ 7 రేకు ముక్క రెండున్నర మీటర్లు దాటకూడదు. ముక్కకూ ముక్కకూ మధ్య అతుకు పెట్టకుండా 50 మి.మీ. మెట్టు దించాలి. వాలు 80కి 1 కన్నా తగ్గకూడదు. పాత కాలువలో ఈ మెట్లకు ఎత్తు చాలకపోతే అడుగు చెక్కలు విప్పి మళ్లీ కట్టడమే దారి. చిట్లిన చోట పైన తారు పట్టీ అంటించడం ఒక శీతాకాలానికి పనికొస్తుంది, అంతే. ఆ పట్టీ అడుగున చిట్లు ఇంకా పెరుగుతుంది.

చూరుకు బయట వేలాడే పోత ఇనుము కాలువ నిండితే నీరు గోడ బయటికి పొర్లుతుంది, అందరికీ కనబడుతుంది. గోడ వెనక దాగిన కాలువ నిండితే నీరు లోపలికి, నేరుగా గోడ తల మీదికి, దూలాల చివరల మీదికి దిగుతుంది. ఆకులు, నాచు, చచ్చిన పావురం, ఏదైనా సరే, ఒక్క తూము మూస్తే చాలు. అందుకే ప్రతి దాగిన కాలువకూ తూము కన్నా కాస్త పైన, గోడకు ఆరపారగా ఒక పొర్లు గొట్టం పెట్టాలి. తూము మూసుకున్న రోజు అక్కడినుంచి నీరు ముందుకు చిమ్ముతుంది, కింద తోటలో ఉన్నవాళ్లకు కనబడుతుంది. ఖర్చు చాలా తక్కువ. నాకు తెలిసినంతలో ఇలాంటి ఇంటికి దీనికన్నా లాభమైన మరమ్మతు ఇంకోటి లేదు.

కిందికి దిగే పోత ఇనుము గొట్టాలతో ఇంకో ఇబ్బంది. వాటిని గోడకు ఆనించి బిగిస్తే వెనకవైపు రంగు వేయడానికి చెయ్యి దూరదు. తుప్పు అక్కడే మొదలై నిలువునా పగులుతుంది, గోడ ఏళ్ల తరబడి తడుస్తుంది, ముందునుంచి చూస్తే గొట్టం కొత్తదిలా మెరుస్తుంది. చిన్న అద్దం వెనక పెట్టి చూడాలి, లేదా గోడ మీద పచ్చని చార ఉందేమో వెతకాలి. తిరిగి బిగించేటప్పుడు గోడకూ గొట్టానికీ మధ్య కనీసం అంగుళం ఎడం ఉండేలా మధ్యలో ఇనుప తొడుగు పెట్టాలి.

ఇక గోడ. రాయి దొరికే ప్రాంతంలో స్కాట్ ఎర్ర ఇటుక వాడాడు. ఎర్ర ఇటుకల మధ్య ముదురు ఇటుకల తలలు వరుస వరుసకూ కొంచెం కొంచెం జరుపుతూ వజ్రం ఆకారపు గళ్లు అల్లారు, కిటికీల చుట్టూ, మూలల్లో చెక్కిన రాయి పెట్టారు. గోడ రంగు పైన పూసిన పూతతో కాక గోడ కట్టిన వస్తువుతోనే రావాలి అన్నది ఆనాటి గాథిక్ వాదుల పట్టుదల, వెనిస్ భవనాలే వాళ్లకు నమూనా. గాథిక్ అంటే చర్చి ఒక్కటే కాదు, పెద్ద అద్దాలతో, పైకీ కిందికీ జరిగే సాష్ కిటికీలతో నేటి మనిషి హాయిగా ఉండే ఇల్లు కూడా గాథిక్‌లో కట్టొచ్చని స్కాట్ 1857లోనే ఒక పుస్తకం రాసి వాదించాడు.

ఆ గళ్ల గోడను బాగుచేయడం మాత్రం అంత తేలిక కాదు. ముదురు ఇటుక బట్టీలో మంటకు దగ్గరగా ఉండి పైపొర గాజులా కరిగింది, నీరు పీల్చదు. పక్కనున్న ఎర్ర ఇటుక గబగబా పీల్చేస్తుంది. కాబట్టి పేర్చే ముందు ఎర్ర ఇటుకను తడపాలి, ముదురు ఇటుకను తడపకూడదు. రెంటినీ ఒకే తొట్టిలో ముంచితే ముదురు ఇటుక సున్నం మీద తేలినట్టు జారుతుంది, గళ్ల గీత వంకర పోతుంది. కొలతలు ఇంకో చిక్కు. పాత ఇటుక దాదాపు 3 అంగుళాల ఎత్తు, సున్నంతో కలిపి నాలుగు వరుసలకు 13 అంగుళాల దాకా వస్తుంది, అంటే 330 మి.మీ. ఇప్పటి ఇటుకతో నాలుగు వరుసలు సరిగ్గా 300. నాలుగు వరుసలకే 30 మి.మీ. తేడా వస్తే గళ్లు కలవనే కలవవు. పాత కొలతతో ఇటుక వేయించుకోవాలి, లేదా అదే ఇంట్లో పడిపోయిన గోడ ఇటుకను శుభ్రం చేసి వాడాలి. ఇటుక సున్నంలో కట్టినది కాబట్టి ఆ రెండో పని సాధ్యమే. సిమెంటులో కట్టిన ఇటుకను విడదీయబోతే ఇటుకే పగులుతుంది.

సున్నం సంగతి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మన పాత మిద్దెలకు డంగు సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి వాడారు. వేల్స్‌లో అవి లేవు, సున్నమూ ఇసుకే. కొన్ని సున్నాలు మట్టి కలిసిన రాయి నుంచి వస్తాయి కాబట్టి తడిలో కూడా గట్టిపడతాయి. ఎన్‌హెచ్‌ఎల్ 3.5 అని గుర్తు వేసి అమ్మేది అలాంటిదే. గోడ దర్జులకు, అంటే ఇటుకల మధ్య సందులకు, ఒక పాలు ఈ సున్నం, రెండున్నర నుంచి మూడు పాళ్లు గరుకు ఇసుక. ఇసుకలో సన్నం, లావు అన్ని రేణువులూ ఉండాలి. ఒకే సైజు ఇసుకైతే మధ్య ఖాళీలు ఎక్కువై సున్నం చాలదు.

దర్జులు పూడ్చడం ఓపిక పని. పాతదాన్ని ఉలి, చిన్న సుత్తితో, దర్జు వెడల్పుకు కనీసం రెండింతల లోతు తీయాలి. దర్జు 10 మి.మీ. ఉంటే లోతు 20 నుంచి 25. కోత యంత్రం పెట్టకూడదు. నిలువు దర్జు చివర అది ఆగదు, పై ఇటుకనూ కింది ఇటుకనూ కోసేస్తుంది, ఆ గాటు శాశ్వతం. దుమ్ము దులిపి, ముందురోజు ఒకసారి, పెట్టేముందు ఇంకోసారి నీళ్లు చల్లాలి. ఎండిన ఇటుక సున్నంలోని నీరు లాగేస్తే అది గట్టిపడకముందే పొడిపొడి అవుతుంది. మిశ్రమం ముద్దగా ఉండాలి, జారుడుగా ఉండకూడదు. సన్న తాపీతో వెనక్కి నొక్కి నొక్కి నింపాలి. అదే రోజు సాయంత్రమో మర్నాడో, వేలితో నొక్కితే గుంట పడనంత గట్టిపడ్డాక, గట్టి కుచ్చు బ్రష్షుతో పొడవాలి, రుద్దకూడదు. అప్పుడు పైన పేరుకున్న సున్నపు తెర చెదిరి ఇసుక రేణువు బయటపడుతుంది, గాలి లోపలికి పోతుంది. ఆపైన తడి గోనెపట్టా వారం పాటు వేలాడదీసి ఉంచాలి. 5 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే ఈ పని మొదలుపెట్టకూడదు. వేల్స్‌లో అంటే అక్టోబరు దాటాక తాపీ పక్కన పెట్టడమే. డిసెంబరులో పెట్టిన దర్జు ఫిబ్రవరికల్లా మంచుకు పొడై రాలుతుంది, అప్పుడు అందరూ సున్నాన్ని తిడతారు.

సిమెంటు పెడితే ఏమవుతుందో గోడే చూపిస్తుంది. వానకు తడిసిన గోడ సున్నపు దర్జుల గుండా ఆరుతుంది. దర్జు సిమెంటు అయితే ఆ దారి మూసుకుంటుంది, నీరు ఇటుక ముఖం గుండా బయటికి రావాలి. ఆ నీరు ఇటుకలోనే గడ్డకడితే పైపొర పెచ్చుగా ఊడిపోతుంది. కొన్నేళ్లకు సిమెంటు దర్జులు తేనెతుట్టె గోడల్లా ముందుకు పొడుచుకుని నిలబడతాయి, వాటి మధ్య ఇటుకలు గుంటలుపడి ఉంటాయి. మెత్తని ఇసుకరాయికీ అదే గతి.

పొగగొట్టాలను మర్చిపోతారు. ఈ ఇళ్లలో ప్రతి గదికీ పొయ్యి ఉండేది, ప్రతి పొయ్యికీ గోడలోంచి వేరే గొట్టం. ఆ గొట్టాల లోపలి పూత సున్నం, ఆవు పేడ కలిపి చేసేవాళ్లు. పేడ కలిస్తే పూత వేడికి పగలకుండా ఉంటుంది. పొయ్యి వాడడం మానేసి కిందా పైనా మూసేస్తే లోపలి మసిలోని లవణాలు గాలిలోని తేమను పీల్చి గోడ మీద పసుపు గోధుమ మరకలు వేస్తాయి, ఎన్నిసార్లు రంగేసినా మళ్లీ వస్తాయి. పైన వాన పడకుండా టోపీ పెట్టి, కింద గాలి జాలీ పెట్టి, మధ్యలో గాలి ఆడనివ్వాలి.

సాష్ కిటికీ లెక్క మాత్రం చెప్పుకోదగ్గది. కిటికీ రెక్క 12 కిలోలు తూగితే, పక్క పెట్టెల్లో తాళ్లకు వేలాడే రెండు ఇనుప గుళ్లు ఒక్కోటి 6 కిలోలు. పై రెక్క మూసి ఉండాలంటే పైకి లాగి పట్టాలి, కాబట్టి దాని గుళ్లు కొంచెం ఎక్కువ బరువు. కింది రెక్క కిందికి కూర్చోవాలి, దాని గుళ్లు కొంచెం తక్కువ. జంట అద్దం వేస్తే రెక్క బరువు దాదాపు రెట్టింపవుతుంది, పాత పెట్టెలో అంత పొడవు ఇనుప గుండు పట్టదు. అప్పుడు అదే చోటులో ఎక్కువ తూగే సీసపు గుండు వేస్తారు. ఇది లెక్కించకుండా అద్దం మార్చి, తర్వాత కిటికీలు ‘నిలవట్లేదు’ అని మేకులు కొట్టి బిగించేసిన ఇళ్లున్నాయి.

హవొడీనోస్ ఆ తర్వాత బడి అయింది, కళాశాల అయింది, చివరికి వృద్ధాశ్రమం అయింది. డ్రై రాట్ పట్టడంతో 1993లో అదీ మూతపడింది. పేరులో డ్రై అని ఉన్నా అది తడి రోగమే. సెర్పులా లాక్రిమాన్స్ అనే బూజు అది. లాక్రిమాన్స్ అంటే కన్నీరు కార్చేది, ఎదిగేటప్పుడు దాని మీద నీటి బొట్లు నిలుస్తాయి. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే అది ఎదగదు. దాగిన కాలువ నుంచి దిగిన నీటికి గోడలో పూడ్చిన దూలం చివర తడిసి 28, 30 శాతానికి చేరిందా, అక్కడ మొదలవుతుంది. బూడిదరంగు తీగలు పంపి ఇటుకల మధ్య దర్జుల గుండా పాకి అవతలి గది చెక్కను చేరుతుంది. సున్నపు గోడ దానికి అడ్డం కాదు, పైగా అనుకూలం. చెక్క అడ్డంగా నిలువుగా పగిలి ఘనాల్లా విడిపోతుంది, వేళ్లతో నలిపితే పొడవుతుంది. గదిలో తుప్పు రంగు దుమ్ము పరుచుకుని ఉంటే, అది బూజు కాయ నుంచి రాలిన పొడి, ఎక్కడో దగ్గర్లోనే ఉందన్నమాట.

దీనికి పాతకాలపు వైద్యం గోడకు వందల రంధ్రాలు వేసి మందు పంపడం. తడి గోడలోకి ఇంకా నీళ్లు పోయడమే అది. ముందు నీరు వచ్చే చోటు కనిపెట్టి ఆపాలి. గిలాబు రాల్చి, నేల చెక్కలు ఎత్తి, గాలి ఆడనివ్వాలి. కుళ్లిన చెక్కను, ఆఖరి గుర్తు దాటి ఇంకో అర మీటరు దాకా కోసి తీసేయాలి. కొత్త దూలం చివర గోడలో పూడ్చకుండా ఇనుప తొడుగులో కూర్చోబెట్టాలి. నీరు, గాలి సరిచేస్తే మిగిలిన బూజు తేమ లేక చస్తుంది.

మూతపడ్డ ఇంట్లో ఇదేదీ జరగలేదు. 2004 అక్టోబరులో కొందరు కావాలని పెట్టిన నిప్పుకు ప్రధాన భవనం కప్పూ అంతస్తులూ కాలి కూలిపోయాయి. అలాంటి గోడల మధ్య నిలబడి చూస్తే దేన్ని ఏం చేయాలో వస్తువును బట్టి తేలుతుంది. ఇటుక ఒకసారి బట్టీలో కాలినదే కాబట్టి బాగా తట్టుకుంటుంది. ఇసుకరాయి 300 డిగ్రీల దగ్గర ఎర్రబారుతుంది, 573 దాటితే అందులోని స్ఫటికం ఉబ్బి రాయి చిట్లుతుంది. ఎర్రబారిన లోతును చిన్న ముక్క కోసి చూసి, రాయి మార్చాలా ముఖం మాత్రమే తీయాలా తేల్చుకోవచ్చు. సీసం 327 డిగ్రీలకే కరిగి కారుతుంది. స్లేటు చిటపటలాడి పగులుతుంది. లావు దూలం మాత్రం అనుకున్నంత చెడదు. నిమిషానికి మి.మీ.లో మూడింట రెండొంతులు చొప్పున బొగ్గవుతుంది, అరగంట మంటకు ఒక్కో వైపు 20 మి.మీ. అడుగు మందం దూలంలో మధ్యన బలమైన చెక్క చాలా మిగులుతుంది. నల్లగా ఉందని పారేయడం తొందరపాటు.

కూలిన కుప్పను లారీల్లో ఎత్తిపోయకూడదు. ఏ గది కుప్ప ఆ గది పేరుతో జల్లెడ పట్టాలి. పూత అంచుల నమూనా ముక్క, తలుపు బందు, చెక్కిన చెక్క, ప్రతిదాంట్లో ఒక్కటి దొరికినా మిగతావి దాన్ని చూసి చేయవచ్చు. గోడ తలల మీద పలుచని సున్నంతో వాలు కట్టి నీరు దిగకుండా చూడాలి, కిటికీ ఆర్చీల కింద చెక్క ఊతలు పెట్టాలి, మొత్తం మీద తాత్కాలిక కప్పు వేయాలి. ఈ ఇల్లు వేల్స్‌లోని అత్యున్నత రక్షణ శ్రేణిలో ఉంది, కాబట్టి దీన్ని మార్చే ప్రతి పనికీ ముందుగా అనుమతి కావాలి. 2023 నాటి వేల్స్ వారసత్వ చట్టం 2024 నవంబరు నుంచి అమల్లో ఉంది. కప్పులో గబ్బిలాలుంటే దానికి వేరే లైసెన్సు తీసుకోవాలి, అవి పిల్లల్ని పెంచే నెలల్లో పని ఆపాలి.

ఆ తర్వాత వేచి ఉండడమే. మంట ఆర్పిన నీరు, ఏళ్ల వాన తాగిన గోడ అంగుళం మందానికి నెల చొప్పున ఆరుతుందని మేస్త్రుల లెక్క. 18 అంగుళాల గోడకు ఏడాదిన్నర, అదీ పైనుంచి చుక్క పడకుండా ఉంటే. హీటర్లు పెట్టి తొందరపెడితే పైపొర ఎండి, లవణాలు అక్కడే పేరుకుని ఇటుక ముఖం ఊడుతుంది. గోడకు వేర్వేరు లోతుల్లో రంధ్రాలు వేసి పైన్ చెక్క మేకులు దించి, మూతి బిగించి వదిలేయాలి. నెలకోసారి తీసి తూచి, అంకె రాసుకుని మళ్లీ అక్కడే పెట్టాలి. వరుసగా మూడు నెలలు తూకం ఇంచుమించు ఒకేలా వచ్చాక లోపలి గిలాబు మొదలుపెట్టొచ్చు.